నొప్పి ఒకచోట, కారణం ఇంకోచోట

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు పెట్టారు. కథలూ కవితలూ రాసేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు, నాకు అవి రావు. కాబట్టి నా పని గురించే నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ఫిజియోథెరపిస్టుని. మాదాపూర్‌లో, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌కు దగ్గరలో ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను.

మా దగ్గరికి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వస్తారు. వానాకాలం మొదలైతే పరుగు నొప్పులవాళ్ళు పెరుగుతారు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది కదా! నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా 42.195 కిలోమీటర్లు, మధ్యలో ఫ్లైఓవర్లు ఎక్కడం, దిగడం. ఏడాదంతా రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చున్న మనిషి జూన్‌లో బూట్లు కొంటాడు, జూలైకి పదిహేను కిలోమీటర్లు పరుగెడతాడు. గుండె, ఊపిరితిత్తులు తొందరగానే అలవాటుపడతాయి. ఎముకలూ, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనాలూ అంత తొందరపడవు.

"సార్, మోకాలి చిప్ప నొప్పి, మెట్లు దిగలేకపోతున్నా, కరెంటు పెట్టండి" అంటారు. కరెంటు పెడితే కాసేపు హాయిగా ఉంటుంది, అంతే. నేను అద్దం ముందు ఒంటికాలి మీద నిలబెట్టి సగం గుంజీ తీయమంటాను. చాలామందికి నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, మోకాలు లోపలికి పోతుంది. తుంటి పక్కనుండే కండరం బలహీనమైతే ఆ భారం మోకాలి మీద పడుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి కాలికి తగిలే దెబ్బ శరీర బరువుకు రెండు రెట్ల పైనే ఉంటుంది. కాబట్టి వైద్యం తుంటికి చేయాలి, కిలోమీటర్లు తగ్గించాలి. అడుగు చిన్నది చేసి, నిమిషానికి వేసే అడుగులు నూటికి ఐదు నుంచి పది పెంచినా మోకాలికి భారం తగ్గుతుంది. ఇంత చెప్పాక కూడా కొందరు వెళుతూ వెళుతూ కరెంటు సంగతి మళ్ళీ అడుగుతారు!

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. ఆమెకు కోచ్ ఉన్నారు. కానిస్టేబుల్ ఈవెంట్సుకు ఉరికే మన తమ్ముళ్ళకు ఎవరూ ఉండరు. 2022 నియామకాల్లో అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. ప్రిలిమ్స్ గట్టెక్కగానే తారు రోడ్డు మీద రోజూ పరుగు, బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేయడం. తిండి చాలకపోతే ఎముక తనను తాను బాగుచేసుకోలేదు. మెస్‌లో గుడ్డు పెట్టిన రోజు పక్కవాడికి ఇచ్చేయకండి తమ్ముళ్ళూ.

ఆ నవంబరులో మన హాస్టల్ జూనియర్ ఒకడు రెండు బస్సులు మారి వచ్చాడు. ముంగాలి ఎముక నొప్పి. జానెడు మేర నొప్పి ఉండి, పరుగు మొదలయ్యాక తగ్గుతుంటే భయం తక్కువ, కొన్నాళ్ళు పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. వీడికి ఒక్క వేలు పట్టే చోటే నొప్పి, నడిచినా నొప్పి, రాత్రి పడుకున్నా నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మొదటి వారాల్లో ఎక్స్‌రేకు దొరకకపోవచ్చు. ఎమ్మారైలో ఎముక చీలిక బయటపడింది.

"అన్నా, ఇప్పుడు ఉరకకపోతే ఏడాది పోతది."

"ఉరికితే కాలు విరుగుతది తమ్మీ."

మారథాన్‌కు వచ్చే ఇంజనీరుకు ఇదే మాట చెబితే వచ్చే ఏడాది చూసుకుంటానని నవ్వేస్తాడు. వీడు గోడవైపు తిరిగి చాలాసేపు కూర్చున్నాడు. ఈవెంట్స్‌కు వెళ్ళలేదు. కొండాపూర్‌లో ఒక కొట్టులో లెక్కలు రాసే పనికి కుదిరి, ఆదివారాలు క్లినిక్‌కు వచ్చేవాడు. మెట్టు అంచున నిలబడి ఒంటికాలితో మడమ లేపడం మొదట ఆరుసార్లకే ఆగేవాడు. ఇరవై ఐదుకు చేరాక, 2023 మార్చిలో, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్ళాను. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిదిసార్లు. మర్నాడు పొద్దున ఆరింటికే ఫోన్ చేశాడు. "వేలితో నొక్కి చూసిన అన్నా, నొప్పి లేదు" అన్నాడు.