ఒకే కాడి కింద వోల్టు, ఆంపియరు

కవితలూ, కథలూ, హాస్టలు ముచ్చట్లూ ఉండే ఈ సంచికలో కరెంటు కొలతల గురించి వ్యాసమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వినా ఫరవాలేదు. బోరు నీళ్ళతో పెరిగిన నాబోటివాడికి కరెంటు అంటే ఫిజిక్సు పుస్తకంలో పాఠం మాత్రమే కాదు. రాకపోతే దిగులు, వేళకాని వేళ వస్తే పరుగు, సరిగా రాకపోతే అప్పు.

మా బోరు దగ్గర స్టార్టరు పెట్టెమీద రెండు మీటర్లున్నాయి. ఒకటి వోల్టులు చూపేది, ఒకటి ఆంపియర్లు చూపేది. మా నాయన ఐదో తరగతి దాటలేదు గానీ ఆ రెండు ముళ్ళనూ కలిపి చదవడం ఎరుగును. ఒకటి 415 దగ్గరా, రెండవది ఏడెనిమిది మీదా నిలిస్తే మా ఐదు హార్సుపవరు మోటరుకు సుఖం. వోల్టులు 320కి దిగి ఆంపియర్లు పది దాటితే, నీళ్ళు ఎంత అవసరమైనా ఆపేస్తాడు. నీళ్ళ బరువు తగ్గదు కనుక వోల్టేజి పడినకొద్దీ మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగులో వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. మూడేళ్ళ క్రితం ఒక అర్ధరాత్రి లో వోల్టేజిలో మోటరు దానంతటదే ఆన్ అయి కాలిపోయింది. వైండింగు చేయించి మళ్ళీ బోరులోకి దించేసరికి, ఊడలు దిగే అదనులో ఉన్న బుడ్డలచేను వాడిపోయింది. ఆ ఏడు నా ఫీజు వడ్డీకి తెచ్చి కట్టారు.

మా చేల మీదుగా పెద్ద టవర్ల లైను ఒకటి పోతుంది. 400 కిలోవోల్టుల లైను. దానిక్కూడా ఈ రెండు సంఖ్యలే ప్రాణమని నాకు డిగ్రీలో చేరాకగానీ తెలియలేదు. అయితే అంత వోల్టేజి దగ్గరకు మీటరు తీసుకుపోలేము. అందుకని సబ్‌స్టేషనులో కరెంటు ట్రాన్స్‌ఫార్మరు అనే పింగాణీ స్తంభం వేల ఆంపియర్లను ఒక ఆంపియరుకు దించుతుంది. పక్కనే వేరొక స్తంభం, కెపాసిటర్ల దొంతరతో, లక్షల వోల్టులను 110 వోల్టుల లెక్కకు దించుతుంది. ఈ రెంటినీ చూసి రిలే నిర్ణయం చేస్తుంది.

రిలే చేసే లెక్క చాలా సులువు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తుంది. 400 కిలోవోల్టుల లైనుకు కిలోమీటరుకు సుమారు 0.3 ఓము ఉంటుంది. భాగిస్తే 15 ఓములు వచ్చిందంటే ఫాల్టు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. కదలకుండా కూర్చుని తీగ ఎక్కడ తెగిందో చెప్పగలగడం గొప్ప సంగతి కాదా!

కానీ ఆ భాగహారమే దేశాన్ని చీకట్లో ముంచిన రోజూ ఉంది. 2012 జూలై 30న బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను రిలే పనిచేసి తెగిపోయింది. నిజానికి ఫాల్టు లేదు. లోడు మితిమీరి ఆంపియర్లు పెరిగాయి, వోల్టులు తగ్గాయి. భాగఫలం చిన్నదై రిలే కంటికి ఫాల్టులా కనిపించింది. ఉత్తరాది గ్రిడ్డు కూలింది. మరునాడు తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ దానితోపాటు పడ్డాయి. మన దక్షిణాది అప్పటికి వేరుగా ఉంది గనుక తప్పించుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో మనమూ అదే కాడికి కట్టబడ్డాం. ఇక అందరి సుఖమూ కష్టమూ ఒకటే.

కాబట్టి రెండు కొలతలూ నిజం చెప్పాలి. రెండూ ఒకే క్షణంలో చెప్పాలి. 50 హెర్ట్‌జుల కరెంటులో ఒక డిగ్రీ అంటే సుమారు 56 మైక్రోసెకండ్లు. పవర్ ఫ్యాక్టరు 0.5 ఉన్నచోట ఆ ఒక్క డిగ్రీ తేడాకే యూనిట్ల లెక్కలో మూడు శాతం తప్పు వస్తుంది. పాత పరికరాలకు వేరే జబ్బులూ ఉన్నాయి. పెద్ద ఫాల్టు వచ్చినప్పుడే ఇనుప కోరు సంతృప్తమైపోయి అలను వక్రంగా చూపుతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే సాక్షి తడబడినట్టు! లోపల నూనెలో నానిన పేపరు చెడితే పింగాణీ బాంబులా పేలడమూ జరుగుతుంది.

అందుకే ఇంజనీర్లు రెండు సెన్సార్లనూ ఒకే స్తంభంలో ఇమిడ్చారు. స్థలం కలిసివస్తుంది, పునాది ఒకటి చాలు, కాలం లెక్కా ఒకటే. ఇందులో ఒక మార్గం కాంతిది. అయస్కాంత క్షేత్రం గాజులో పోయే కాంతి ధ్రువణతలాన్ని తిప్పుతుందని 1845లో ఫారడే కనుగొన్నాడు. విద్యుత్ క్షేత్రం కొన్ని స్ఫటికాలలో కాంతి నడకను మారుస్తుందని 1893లో పాకెల్స్ చూపాడు. ఒకటి ఆంపియరుకు, ఒకటి వోల్టుకు.

నాకు ముచ్చటగొలిపినది ఇక్కడే ఉంది. ఆప్టికల్ ఫైబరు తీగ చుట్టూ పూర్తిగా తిరిగి వస్తే లోపల పోయే కరెంటే లెక్కకు వస్తుంది, బయటిది రాదు. గట్టు చుట్టూ తిరిగితే మన చేనే కొలతకొచ్చినట్టు. వోల్టేజి అలా కాదు. పైనుంచి కిందిదాకా క్షేత్రాన్ని కూడుకుంటూ దిగాలి. బావిలోతు చూడాలంటే తాడు అడుగు దాకా దించవలసిందే; మధ్యలో ఒకచోట చూసి లోతు చెప్పలేము. స్ఫటికాన్ని ఒక్కచోటే పెడితే పక్క ఫేజు నీడా, వానా కూడా దాని లెక్కను చెడుపుతాయి.

ఇక కలిపి పెట్టడంలో చిక్కులు. మా సీమ ఎండకు గాజూ, స్ఫటికమూ రెండూ స్వభావం మార్చుకుంటాయి. ఆ మార్పును లెక్కగట్టి తీసేయాలి. పక్కన బ్రేకరు కొట్టుకుంటే కలిగే అదురు ఫైబరుకు కరెంటులా అనిపించకూడదు. పిడుగు పడితే కలిగే 1,425 కిలోవోల్టుల దెబ్బకు 400 కిలోవోల్టుల పరికరం తట్టుకోవాలి.

కోరు లేని రొగోవ్‌స్కీ చుట్టతో ఇంకొక మార్గముంది. దాన్ని నేను మా ల్యాబులో చుట్టి చూశాను. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం మీద 600 చుట్లు. ఎనిమిది ఆంపియర్లకు ఒక మిల్లీవోల్టు కూడా రాలేదు. లెక్క ప్రకారం రావలసినదీ అంతే. ఇంత చిన్న సంకేతం పక్కనే లక్షల వోల్టులుంటే దాని గతేమిటి? రేకు తొడుగు వేయాలి. అయితే ఆ తొడుగు చుట్టూ పూర్తిగా మూయకూడదు, సన్నని చీలిక వదలాలి; లేకుంటే అదే ఒక షార్టు చుట్టై కొలతను మింగేస్తుంది. ఒకదాన్ని ఒకటి చెడపకుండా పక్కపక్కన బతకనివ్వడమే ఈ డిజైనులో అసలు కష్టం.

మా చిన్నాయన ఎద్దు ఒక ఎండాకాలం తెగిపడిన 11 కిలోవోల్టుల తీగమీద కాలు వేసి చచ్చిపోయింది. ఎండిన గరుసు నేల గనుక కరెంటు కొద్దిగానే పారింది. ఆంపియర్లు మితి దాటితేనే తెంచే రక్షణకు అది ఫాల్టనిపించలేదు. "తీగ నేలన పడిందని ఆ పెట్టెకు తెలీదా అబ్బీ?" అని చిన్నాయన నన్నడిగాడు. వోల్టునూ, ఆంపియరునూ అల అలగా కలిపి చూస్తే ఇలాంటి ఫాల్టును పట్టే వీలు పెరుగుతుంది గానీ, అన్నివేళలా పట్టడం నేటికీ కష్టమే. పెద్ద గ్రిడ్డుకు వస్తున్న జంట సెన్సార్లు చవకై ఊరి లైను దాకా దిగితే, ఆ ఎద్దులాంటివి కొన్నైనా, మనుషులు కొందరైనా బతుకుతారు.

ఇంటి దగ్గర బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. రాస్తాను. ఎం.యస్సీ. ఎలక్ట్రానిక్సు ఎంట్రన్సు కూడా రాస్తాను. ఈలోగా నా చుట్టకు ఆంప్లిఫయరు, ఇంటిగ్రేటరు కట్టాలి. పక్కన వోల్టేజి డివైడరు కూర్చాలి. ఆసక్తిగల తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ శనివారం మధ్యాహ్నం ఎలక్ట్రానిక్సు ల్యాబుకు వస్తే చేతినిండా పని ఉంది.