ఊరు చిన్నది... పోటీ పెద్దది!

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికాలోని మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది పెన్‌హిల్స్‌లోని వెంకన్న గుడి. 1970ల్లో కట్టిన ఆ గుడికి ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వస్తారు. దర్శనం, పులిహోర, తిరుగు ప్రయాణం... అంతే! నగరానికి అవతలి వైపు, విమానాశ్రయం నుంచి ఉత్తరంగా కాసేపు వెళితే ఒహాయో నది ఒడ్డున అలిక్విపా అనే ఊరొకటి ఉందని చాలామందికి తెలియదు. పెన్సిల్వేనియాలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం ఆ పేరు చెబితే చాలు. ఏటా ఆగస్టు చివర్లో అక్కడ మొదలయ్యే చర్చ ఒక్కటే. ఈసారి మన హైస్కూలు పిల్లలు డిసెంబరు దాకా నిలుస్తారా?

ముందుగా ఆట గురించి రెండు ముక్కలు. పేరుకే ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, లేదా విసరాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు అవకాశాలు. లేదంటే బంతి అవతలి జట్టుకి. ఆపేవాళ్లు మీదపడి కింద పడేస్తారు. కబడ్డీలో పట్టు చూసినవాళ్లకు ఆ మోటుదనం ఇట్టే అర్థమవుతుంది. మైదానంలో జట్టుకి పదకొండు మందే. కానీ పెద్ద స్కూళ్లు దాడికి ఒక పదకొండు మందిని, అడ్డుకోవడానికి మరో పదకొండు మందిని విడిగా తయారుచేసుకుంటాయి. చిన్న స్కూళ్లలో అటూ ఇటూ ఆ పిల్లలే. అసలు కథంతా ఇక్కడే ఉంది.

అలిక్విపా ఒకప్పుడు కంపెనీ ఊరు. జోన్స్ అండ్ లాఫ్లిన్ ఉక్కు కర్మాగారం నది వెంబడి మైళ్ల పొడవున ఉండేది. కార్మికుల ఇళ్లను కంపెనీయే కట్టించి, పేటలకు ప్లాన్ 6, ప్లాన్ 11, ప్లాన్ 12 అంటూ నంబర్లు పెట్టింది. ప్లాన్ 6 అధికారులది. మిగతా పేటల్లో దేశానికో వీధి అన్నట్టు ఇటలీ వాళ్లు, సెర్బులు, దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు. యూనియన్ పెట్టారని కొందరు కార్మికులను తీసేస్తే ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1937లో కార్మికుల పక్షాన చరిత్రాత్మకమైన తీర్పు వచ్చింది. 1930లో ఊరి జనాభా 27 వేల పైమాటే. 1980ల్లో కర్మాగారం చాలావరకు మూతపడింది. 2020 లెక్కల్లో మిగిలింది 9,238 మంది!

మనుషులు వెళ్లిపోయారు కానీ ఫుట్‌బాల్ పోలేదు. మైక్ డిట్కా, టై లా, డారెల్ రెవిస్... ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కిన ఈ ముగ్గురూ ఇదే హైస్కూల్లో చదివారు. మైదానం పేరు ఆష్‌మన్ స్టేడియం. అందరూ పిలిచేది మాత్రం ‘ది పిట్’ అని. అంటే గుంట! 2003లో రాష్ట్ర ఫైనల్లో నార్తర్న్ లీహైని 32-27 తేడాతో ఓడించిన రోజు ఐదు టచ్‌డౌన్లూ రెవిస్‌వే. పిల్లలు తక్కువున్న జట్టుకు ఒక్క రెవిస్ దొరికితే ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి ఆ ఒక్క మ్యాచ్ చాలు. అతనికి కాలు బెణికి ఉంటే? ఆ ప్రశ్నకూ జవాబు అందులోనే ఉంది.

లెక్కలేం చెబుతున్నాయి?

పెన్సిల్వేనియాలో 2016 నుంచి స్కూళ్లను విద్యార్థుల సంఖ్యను బట్టి ఆరు తరగతులుగా విడగొట్టారు. అతి చిన్నవి 1ఎ, అతి పెద్దవి 6ఎ. తలకాయలు లెక్కపెడితే అలిక్విపా అట్టడుగున ఉండాల్సిందే. కావాలనే పైమెట్టుకి వెళ్లి ఆడటం వాళ్లకు అలవాటు. 2018లో 3ఎ రాష్ట్ర టైటిల్ గెలిచారు. ఆ తర్వాత వచ్చిందే తంటా! వరుసగా గెలుస్తూ, బయటి స్కూళ్ల నుంచి పిల్లల్ని కూడా చేర్చుకున్న జట్లను పైతరగతికి నెట్టే నిబంధన తెచ్చారు. దాంతో 2020లో 4ఎ. అక్కడా 2021లో, 2023లో రాష్ట్ర విజేతలు వాళ్లే. ఇంకేం, 2024లో 5ఎకి పొమ్మన్నారు.

ఈసారి స్కూలు కోర్టుకెళ్లింది. మా పిల్లలు తక్కువ, అంత పెద్ద జట్లతో ఆడిస్తే దెబ్బలు తగులుతాయన్నది వాదన. స్థానిక న్యాయమూర్తి ఆ మాట విని, 4ఎలోనే ఉండనిచ్చారు. గెలుస్తున్న జట్టు భయమేస్తోందనడం ఏమిటని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. ఆ ఎగతాళి నాకు నచ్చలేదు. పదహారేళ్ల కుర్రాడు దాడిలోనూ, అడ్డుకోవడంలోనూ ఊపిరి తీసుకోకుండా ఆడితే చివరి క్వార్టర్‌కి ఏమవుతాడో స్కోరుబోర్డు చెప్పదు.

2021, 2022 ఫైనల్స్ రెండింట్లోనూ ప్రత్యర్థి ఒక్కటే... రాజధాని హారిస్‌బర్గ్‌లోని బిషప్ మెక్‌డెవిట్ అనే ప్రైవేటు స్కూలు. మొదటి ఏడాది 34-27తో గెలిచారు, మరుసటి ఏడాది 41-18తో ఓడారు. ప్రైవేటు స్కూలుకి ఊరి హద్దులుండవు. జిల్లా నలుమూలల నుంచి ర్యాంకర్లను ఏరుకునే కార్పొరేట్ కాలేజీకి, ఉన్న పిల్లలతోనే నెట్టుకొచ్చే జిల్లా పరిషత్ హైస్కూలుకి ఒకే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం.

మరి అవకాశాలెంత? ప్లేఆఫ్స్ అంటే ఓడితే ఇంటికే. ముందు పశ్చిమ పెన్సిల్వేనియా పోటీలు, అందులో గెలిచినవాళ్లకే రాష్ట్ర స్థాయి. 2008 నుంచి 2023 దాకా ఒక్క ఏడాది కూడా తప్పకుండా అలిక్విపా ఆ ప్రాంతీయ ఫైనల్ ఆడింది. అందుకని అక్కడిదాకా పందెం కాసేవాళ్లను తప్పుపట్టలేం. ఫైనల్ మాత్రం వేరే సంగతి. 2017లో క్వేకర్ వ్యాలీ చేతిలో 2-0తో ఓడిపోయారు. క్రికెట్లో ఒక్క వైడ్‌తో కప్పు పోయినట్టన్నమాట!

నన్నడిగితే నవంబరు వరకు ఫలితాల పట్టిక చూడను. దెబ్బలు తగిలి బెంచీ మీద కూర్చున్న వాళ్లెందరో చూస్తాను. ఇద్దరు ముగ్గురికి మించకపోతే రాష్ట్ర ఫైనల్ మీద ఆశ పెట్టుకోవచ్చు. ఆరేడుగురుంటే ఎంతటి కోచ్ ఉన్నా ప్రాంతీయ ఫైనలే ఎక్కువ. ఈసారి గుడికి వెళ్లేది సెప్టెంబరు, అక్టోబరుల్లో శుక్రవారం నాడైతే, ది పిట్‌లో మ్యాచ్ ఉందేమో కనుక్కోండి. మందపాటి కోటు మర్చిపోవద్దు. నది పక్కన చలి ముందే దిగుతుంది.