అంతరాయం

దూరవిద్య స్టడీ సెంటర్ల కోఆర్డినేటర్లతో మాట్లాడి చేసిన పరిశోధన నాది. 2021లో, కోవిడ్ వల్ల అంతా జూమ్‌లోనే. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినప్పటి నుంచీ ఈ సెంటర్లు చాలావరకు మామూలు కాలేజీల్లోనే, ఎక్కువగా ఆదివారాలు నడుస్తున్నాయి. కోఆర్డినేటరంటే తరచూ ఆ కాలేజీ లెక్చరరే. ఆరు రోజుల ఉద్యోగం మీద ఏడో రోజు పని.

ఒకావిడ మొదటి రోజే కెమెరా ఆపేశారు. "వంటింట్లో ఉన్నానండీ, ఏమీ అనుకోకండి" అన్నారు. నా ప్రశ్నలు అడ్మిషన్లూ, పుస్తకాల పంపిణీ గురించి. ఆవిడ చెప్పింది ఫోన్ల గురించి. పరీక్ష ఫీజు కట్టని ఆడవాళ్లకు చేస్తే, ఎత్తేది భర్తో అత్తగారో. "ముందు అత్తగారి మోకాళ్ల నొప్పులు అడగాలి మేడమ్. ఆ తర్వాతే ఫీజు మాట." ఈ పని ఏ రిజిస్టర్లోనూ ఉండదు. కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా ఆగేవారు. నేను 'అంతరాయం' అని రాసుకునేదాన్ని. (నా పొయ్యి మీదా పాలున్నాయి. నేను మ్యూట్ చేసుకున్నానంతే.)

మూడోసారి తన చదువు గురించి చెప్పారు, గంటకు పైగా. మర్నాడు ఫోన్ చేశారు. "ఫోన్ల సంగతి రాసుకోండి. నిన్నటిది తీసేయండి. మా ఊళ్లో కోఆర్డినేటర్ని నేనొక్కదాన్నే, పేరు మార్చినా తెలిసిపోతుంది."

సమ్మతి పత్రం మీద ఆవిడ సంతకం ఉంది. మా గైడు ఆ మాటే గుర్తుచేశారు. నా మూడో అధ్యాయం నిలబడిందే ఆ గంట మీద.

రికార్డింగ్ తీసేశాను. అధ్యాయం పలచబడింది, వైవాలో దాని గురించే అడిగారు. 'అంతరాయం' అని రాసిన చోటల్లా 'కుక్కర్ విజిల్' అని మార్చాను.