ఆదిమ నత్త అంటే ఎవరండీ?

"ఆదిమ" అన్న మాటతో నాకో పేచీ ఉంది. జీవశాస్త్రంలో "ఆదిమ సముద్రపు స్లగ్గు" అని ఓ చిన్న ప్రాణిని పిలుస్తూ వచ్చారు. దాని కథ చదివాక ఆ పేచీ ఇంకాస్త ముదిరింది.

స్లగ్గు అంటే టూకీగా గుల్ల వదిలేసిన నత్త. సముద్రపు స్లగ్గుల్లో చాలావాటికి గుల్ల ఉండదు, ఉన్నా నామమాత్రమే. 1848లో మిల్న్-ఎడ్వర్డ్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త నత్తలన్నిటినీ మూడు డబ్బాల్లో సర్దాడు. మొప్పలు గుండెకి ముందుంటే ఒకటి, వెనకుంటే ఇంకోటి, మొప్పల్లేకుండా గాలి పీలిస్తే మూడోది. మన భాషలో చెప్పాలంటే మూడు విలువలున్న ఈనమ్ అన్నమాట. సముద్రపు స్లగ్గులు రెండో డబ్బాలోకి వెళ్ళాయి. దాని పేరు ఒపిస్తోబ్రాంకియా.

ఆ డబ్బాలోనే ఆక్టియన్ కూడా ఉంది. 1758లోనే లిన్నేయస్ పేరు పెట్టిన ఆక్టియన్ టోర్నాటిలిస్ ఐరోపా తీరాల ఇసుకలో బతుకుతుంది. మహా అయితే రెండు, రెండున్నర సెంటీమీటర్లు. దీనికి గట్టి గుల్ల ఉంది, లోపలికి ముడుచుకున్నాక వేసుకోడానికి మూత కూడా ఉంది. నత్తలు పిల్లదశలో ఒక వింత చేస్తాయి. పై శరీరం 180 డిగ్రీలు మెలితిరిగి, నాడులు 8 అంకెలా అడ్డం పడతాయి. స్లగ్గుల్లో చాలావాటికి పెద్దయ్యేసరికి ఆ మెలిక ఉండదు. ఆక్టియన్‌కి మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకేం, మెట్లు కట్టేశారు. అట్టడుగున ఆక్టియన్, ఆపైన పల్చటి గుల్లవి, ఆపైన గుల్లని ఒంట్లోనే దాచుకున్న సముద్రపు కుందేళ్ళు, పైమెట్టు మీద గుల్లే లేని రంగురంగుల నూడిబ్రాంకులు. చూడ్డానికి చక్కగానే ఉంది కదూ!

పైకి కనిపించేదాన్ని నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి బెర్తెలినియా చాలు. రెండు చిప్పల శిలాజం చూసి 1875లో దానికా పేరు పెట్టినప్పుడు ఆల్చిప్పల జాతే అనుకున్నారు. 1959లో జపాన్‌లో కవగుటి, బాబా ఇలాంటిదాన్నే సముద్రపు నాచు మీద ప్రాణంతో చూశారు. రెండు చిప్పల మధ్య నుంచి నత్త తల బయటికొచ్చింది! అది ఆల్చిప్ప కాదు, నాచు రసం పీల్చే స్లగ్గు.

2010లో జొర్గర్ బృందం డీఎన్ఏతో వంశవృక్షం గీసేసరికి ఆ రెండో డబ్బాయే నిలబడలేదు. నాచు పీల్చే ఈ స్లగ్గులు నూడిబ్రాంకులకన్నా మన పెరట్లో వానకి బయటికొచ్చే నత్తకే దగ్గర చుట్టాలు. గుల్లని వదిలెయ్యడం కూడా ఒక్కసారి జరిగింది కాదు, వేరువేరు వంశాలు ఎవరికివారే వదిలేశాయి. ఆక్టియన్‌దేమో వేరే కొమ్మ. అంటే అక్కడున్నవి మెట్లు కావు, కొమ్మలు.

నా పేచీ ఇక్కడే. ఆక్టియన్ గుల్ల పాతది, మూత పాతది, నాడుల మెలిక పాతది. సరే. కానీ ప్రాణి పాతదెలా అవుతుంది? నూడిబ్రాంకుకి ఎన్ని కోట్ల ఏళ్ళ చరిత్ర ఉందో దీనికీ అంతే ఉంది. వెడల్పాటి తలతో నాగలిలా ఇసుక దున్నుకుంటూ, అందులోని పురుగుల్ని వేటాడి తింటోంది. ఆ పనికి గుల్ల అడ్డేమీ కాలేదు. "ఆదిమ" అన్నది లక్షణానికి పెట్టాల్సిన ట్యాగు, ప్రాణికి కాదు.

మన ఆఫీసుల్లో "లెగసీ" అన్న మాట కూడా సరిగ్గా ఇలాగే కోడు మీంచి మనిషి మీదికి పాకుతుంది. నేను చూసుకునే మాడ్యూలు పాతదే, ఒప్పుకుంటా. రోజూ పని చేస్తోంది కూడా. కొత్త ప్రాజెక్టుకి పేర్లడిగినప్పుడు మాత్రం "అతను లెగసీ కదా" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. నేనేం నేర్చుకున్నానో, ఏం రాయగలనో ఎవరూ అడగలేదు.

నత్తల విషయంలో తప్పు సర్దుకోడానికి 160 ఏళ్ళు పైనే పట్టింది. నత్తలకి తొందరేం లేదు కాబట్టి సరిపోయింది. మనకి అప్రైజల్ ఏడాదికోసారి వస్తుంది. ఈసారి మీ టీములో ఎవరినైనా ఆ మాట అనబోయే ముందు, పాతది కోడా, మనిషా అని ఒక్క క్షణం చూడండి.