దొరకని వారం

గడచిన నెల రోజులలో మూడు కొత్త దయ్యాల నవలలు చదివినాను. మూడింటికిని చివరి అధ్యాయమే చేటు తెచ్చినది. మేడమీద నడచెడి అడుగుల చప్పుడు, అద్దములో ఒక్క క్షణము ఆలస్యముగా కదలెడి ప్రతిబింబము, ఎవరును లేకుండనే ఊగెడి ఊయల, ఇన్ని పుటల పొడవునా గుండె చిక్కబట్టుకొని చదివించిన ఇవన్నియు కట్టకడపట ఒక వైద్యుని గదిలో ఫలానా మనోవ్యాధి లక్షణములుగా తేలిపోయినవి. మూడవ పుస్తకము మూయునప్పటికి రాత్రి పన్నెండు దాటినది. ఆ వేళకు మా యూసుఫ్‌గూడలో మెట్రో నిలిచిపోయి, చెక్‌పోస్టు వైపు ఆటోల రొద సన్నగిల్లి, ఎక్కడో ఒక కుక్క మాత్రమే మేల్కొని ఉండును. భయపడుటకు అంతకన్న అనువైన గడియ మరి లేదు. నాకు మాత్రము కోపము వచ్చినది. రాత్రంతయు భయపెట్టెదనని మాట ఇచ్చి, తెల్లవారుజామున మందుచీటీ చేత బెట్టి పంపినట్లైనది.

కారణము చెప్పుట తప్పని నేననుట లేదు. భరతముని భయానకమును, అద్భుతమును వేరు వేరు రసములుగా లెక్కించి, మొదటిదానికి భయమును, రెండవదానికి విస్మయమును స్థాయీభావములన్నాడు. ఒకదానికి కాలుడు, మరొకదానికి బ్రహ్మ అధిదేవతలన్నాడు. విజ్ఞాన కల్పనలు అద్భుతమునకు చెందినవి. అందు కార్యకారణ సంబంధము ఎంత బిగువుగా నుండిన విస్మయము అంత పెరుగును. సృష్టి ఎట్లు జరిగినదో చెప్పిన కొలదిని బ్రహ్మ గొప్పవాడగును. కాలుని సంగతి అది కాదు. ఆయన ఎప్పుడు వచ్చునో, ఎందుకు వచ్చునో చెప్పినచో ఇక భయమేమున్నది? ఈ భేదము తెలియక ఒక రసపు వంటలో మరొక రసపు పోపు వేయుటయే నేటి నవలలకు పట్టిన తెగులు.

ఈ మాట వచ్చినప్పుడెల్ల నాకు బేతాళుడు జ్ఞాపకమునకు రాక మానడు. 1947లో మొదలైన ‘చందమామ’ పుణ్యమా అని బేతాళుని ఎరుగని తెలుగువారు లేరు. శవమును భుజాన వేసుకొని కత్తి పట్టిన రాజును శంకర్‌గారు గీసిన బొమ్మ మూడు తరముల కన్నులలో నిలిచిపోయినది. కాని ‘చందమామ’ బేతాళుడు మనకు చిక్కుప్రశ్నలు వేసెడి పంతులుగా మిగిలినాడు. ఈ మధ్య వేదము వేంకటరాయశాస్త్రిగారి ‘కథాసరిత్సాగరము’ మరల తీసి, ఆ ఘట్టము వద్దనే మూడు రాత్రులు ఆగిపోయినాను. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరములో సోమదేవుడు ఆ కథ చెప్పినాడే గాని, అందలి రాజు త్రివిక్రమసేనుడు మన గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానమున ఏలినవాడు. మూలమైన గుణాఢ్యుని బృహత్కథ పైశాచీ భాషలో పుట్టినదని పెద్దలు చెప్పుదురు. పిశాచముల భాషలో కథ పుట్టిన నేల మనది. అట్టి మనకు దయ్యము కథ చెప్పుట ఒకరు నేర్పవలసిన విద్యయా!

ఆ ఘట్టమున చెట్టు శింశుపావృక్షము. రాజు ఎక్కి త్రాడు తెగగోయగా శవము క్రింద పడి, దెబ్బ తగిలిన మనిషి వలె మూల్గినది. రాజు దిగివచ్చి, పాపము వీడింకను బ్రతికియే ఉన్నాడు కాబోలునని, జాలితో దాని ఒడలు నిమిరినాడు. అప్పుడది నవ్వినది. నన్ను ఆపినది ఈ నిమిరిన చేయియే. అంత చీకటిలో, చితుల నడుమ, ఒక దయగల చేయి శవముపై కదలినది. దయకు ప్రతిఫలముగా నవ్వు వచ్చినది. ఎందుకు నవ్వినదో సోమదేవుడు చెప్పడు. ఎందుకు నవ్వెదవని రాజు నోరు తెరచి అడిగినంతనే శవము మాయమై మరల కొమ్మకు వ్రేలాడినది. కారణము అడిగినందులకే కథ మొదటికి వచ్చినదన్నమాట. మన కొత్త నవలాకారులు ఈ ఒక్క పుట చదివిన చాలును.

బేతాళుని కడపటి ప్రశ్న ఇంకను గొప్పది. ఒక తండ్రి ఒక కన్యను, అతని కొడుకు ఆ కన్య తల్లిని పెండ్లాడినారు. ఆ రెండు జంటలకు పుట్టిన బిడ్డలు ఒకరికొకరు ఏమగుదురు? ఇన్ని చిక్కులు విప్పిన రాజు ఇచట మౌనము వహించినాడు. మేనత్త, మేనమామ, వదినె, మరదలు, వియ్యంకుడు, తోడల్లుడు అని గడపగడపకు ఒక వరుస పెట్టి పిలుచుకొను తెలుగువానికి, పిలుచుటకు వరుస లేని బిడ్డ ఎదుట నిలిచినచో కలిగెడి గగుర్పాటు ఎంతటిదో వేరే చెప్పనేల! రాజు ఎరుగక ఊరకున్నాడు, ఊరకున్నందుననే గెలిచినాడు.

విశ్వనాథవారి ‘హాహా హూహూ’ను కూడ ఈ వరుసలోనే మరల చదివినాను. లండను నగరమున ట్రఫాల్గరు కూడలిలో గుఱ్ఱపు ముఖముగల గంధర్వుడు పడి ఉండును. వానిని ఇనుప బోనులో బెట్టి శాస్త్రజ్ఞులు ప్రశ్నలు వేయుచుందురు. ఆ ప్రశ్నలు పెరిగిన కొలది బోనులో ఉన్నదెవరన్న సందేహము మనకు కలుగును గాని, గంధర్వుడు గంధర్వుడుగనే ఉండును. రవీంద్రుని ‘క్షుధిత పాషాణము’ మరియొక మెట్టు పైది. పాడుపడిన ఆ పాలరాతి మహలులో రాత్రులు గడపినవాడు మన నిజాము కొలువున ప్రత్తి సుంకము వసూలుచేయు ఉద్యోగి. అతడు రైలుస్టేషనులో తోడి ప్రయాణికులకు తన కథ చెప్పుచు, అసలు రహస్యము వద్దకు రాగానే రైలు వచ్చును. కథ అంతటితో సరి. నూటముప్పది యేండ్లుగా ఆ రైలు పాఠకుని అట్లే ప్లాట్‌ఫారముపై విడిచి పోవుచున్నది.

యండమూరివారి ‘తులసిదళం’ విషయమున నాకు పక్షపాతమున్నది. పసిబిడ్డపై జరిగిన కాష్మోరా అను క్షుద్రప్రయోగము ఒకవైపు, వైద్యము, మనోవిజ్ఞానము మరియొకవైపు, రెండు దారులను చివరిదాక సమముగా నడిపి, ఏది బిడ్డను కాపాడినదో తేల్చకుండుటయే దాని బలము. రంగనాయకమ్మగారు దానిని ఖండించుచు ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని ఒక పుస్తకమే వ్రాసినారు. బాణామతి, చేతబడి అను అనుమానముతో మనుషులను కొట్టి చంపిన పల్లెలు మన మెదకు సీమలోనే ఉన్నవి గనుక, మూఢనమ్మకములపై ఆమె కోపమును నేను తేలికగా కొట్టివేయలేను. అయినను నా మనవి ఒకటున్నది. దయ్యమున్నదని సాక్ష్యమిచ్చువాడును, లేదని చీటీ వ్రాసి ఇచ్చువాడును తమకు అంతయు తెలియుననియే చెప్పుచున్నారు. తెలియదని ఊరకుండు కథకుడు ఎవరి మీదికిని రాయి విసరమని చెప్పడు.

నేను ఆ నవలను మొదట చదివినది అచ్చుపుస్తకముగా కాదు. ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికగా వచ్చుచుండగా మా మేనత్త ప్రతివారము ఆ పుటలు చింపి దాచి కుట్టిన బైండులో చదివినాను. అప్పుడు మాది యూసుఫ్‌గూడలో పెంకుటిల్లు, వాకిట జామచెట్టు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము కలిపి, అత్తమ్మ జిగురు చేసెడిది. దబ్బనముతో మూడు చోట్ల పొడిచి పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి, పోలీసు బెటాలియన్‌ వారి దుస్తులు కుట్టు దర్జీ వద్ద తెచ్చిన ఖాకీ గుడ్డముక్క వీపుకు అంటించెడిది. ప్రతివారపు మొదటి పుట మూలన నీలి సిరాతో తారీఖు వేసెడిది. ఆ ఖాకీ వీపు, ఆ జిగురు వాసన తగిలిన తరువాతనే నాకు భయము మొదలయ్యెడిది.

అందులో ఒక వారము లేదు. కథ మంచి పట్టుమీద ఉండగా పుట త్రిప్పితిని, తెల్లకాగితములు వచ్చినవి. ఆ వారమునకు ఎన్ని పుటలు ఉండవలెనో అన్ని తెల్లకాగితములు లెక్కగా కోసి, కొలతకు సరిపెట్టి, తక్కినవానితో కలిపి కుట్టి ఉంచినది.

“గా వారం బుక్కు దొరకలే బిడ్డా,” అన్నది అత్తమ్మ. “నడుమ ఏమైందో నువ్వే అనుకో.”

ఆ రాత్రి కరెంటు పోయినది. నేను అనుకొన్నాను. నాకు తొమ్మిదేండ్లు, ఆ తెల్లకాగితముల మీద నేను చూచినది తరువాత ఏ పుస్తకములోను నాకు కనబడలేదు. పెద్దవాడనైన పిమ్మట ఆబిడ్సులో ఆదివారపు ఫుట్‌పాత్‌ మీద అచ్చుప్రతి కొన్నాను. ఆ భాగము వచ్చుచోట నేటికిని పుటలు దాటవేయుదును.

అత్తమ్మ పోయి పదునొకండేండ్లైనది. మొన్న కోపముతో ఆ మూడవ నవలను ప్రక్కకు నెట్టి, బీరువా అడుగున ఉన్న బైండు తీసినాను. ఖాకీ వీపు చిరిగినది గాని కుట్టు వీడలేదు. తారీఖులు వరుసగా చూచుచు పోయినాను: ఏడు దినములకొకటి, ఏడు దినములకొకటి, తరువాత పదునాలుగు. అప్పుడు నాకు తోచినది. పత్రికలు అమ్ము డబ్బా మా వీధి మలుపుననే ఉండెడిది. బుక్కు రాగానే మా ఇంటి ప్రతి ప్రక్కన బెట్టి ఉంచెడివాడు. వానలో గొంగడి కప్పి నన్ను పంపిన వారములు నాకు జ్ఞాపకమున్నవి. జ్వరముతో పడుకొనియు ఆమె చదివిన వారములు జ్ఞాపకమున్నవి. ఆ ఒక్క వారము ఎందుకు దొరకలేదు? ఆ వారము మా ఇంట ఏమి జరిగినదో చెప్పుటకు ఇప్పుడు పెద్దవారెవరును మిగులలేదు. ఆ తరువాతి వారపు తారీఖులో నీలి సిరా లేదు. పెన్సిలుతో వేసి ఉన్నది. తెల్లకాగితములు పచ్చబడినవి. వానిని ఒక్కొక్కటిగా, ఏ పుటను దాటవేయక, చివరిదాక త్రిప్పినాను.