రిమోట్ బుజ్జి చేతిలో

మొన్న వేసవి సెలవుల్లో మా ఆరేళ్ళ బుజ్జిని వారం రోజులు మా ఆడపడుచు వాళ్ళింట్లో ఉంచాం. తిరిగొచ్చిన రాత్రి నుంచి బాత్‌రూమ్‌కి ఒక్కతే వెళ్ళదు. నేను తలుపు బయట నిలబడి "ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నా" అంటూ ఉండాలి. గోడ మీద కర్టెన్ నీడ కదిలితే చాలు, దుప్పటి ముసుగు పెట్టేస్తుంది. మూడో రోజుకి గానీ సంగతి బయటపడలేదు. అక్కడ పెద్ద పిల్లలంతా టీవీలో ‘అరుంధతి’ చూశారట. ఇదీ వాళ్ళ మధ్యలో కూర్చుందట. భయమేస్తోందని చెబితే "పిరికిది" అంటారని నోరు మూసుకుందట.

ఇంట్లో తలా ఒక మాట. అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. మావారేమో "ఇంకో రెండుసార్లు చూపిస్తే భయం అదే పోతుంది" అన్నారు. నేనైతే ఈ ఇంట్లో దెయ్యాల సినిమా అన్న మాటే వినపడకూడదని గట్టిగా చెప్పేశాను.

చెప్పానే గానీ, ఆ "పిరికిది" అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే నాకూ ఒక కథ ఉంది.

1995లో ‘అమ్మోరు’ వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. అమ్మవారి సినిమా కదా అని అమ్మా, పిన్నీ నన్ను కూడా తీసుకెళ్ళారు. వాళ్ళు సౌందర్యని చూసి ఏడ్చారు, రమ్యకృష్ణ కనపడగానే దణ్ణం పెట్టారు. నాకు మాత్రం రామిరెడ్డి కళ్ళే మిగిలాయి. అప్పట్లో మా ఇంట్లో బాత్‌రూమ్ పెరట్లో ఉండేది. చీకట్లో అక్కడికి వెళ్ళలేక, ఎవరినీ లేపలేక, తెల్లారేదాకా బిగబట్టుకునేదాన్ని. కొన్ని రాత్రులు ఆగక పక్క తడిపేదాన్ని. "ఇంత పిల్లవయ్యావు, సిగ్గు లేదూ" అని అమ్మ రెండు వడ్డించేది. కారణం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు తల్చుకుంటే ఆ సినిమా కంటే ఆ భయాన్ని ఒక్కదాన్నే మొయ్యడమే నన్ను ఎక్కువ కష్టపెట్టిందనిపిస్తుంది. నేను వద్దంటే బుజ్జి చూడకుండా ఉండదు. ఇంకెక్కడో చూస్తుంది, నా దగ్గర దాస్తుంది. అందుకని నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను. చూస్తే నా పక్కన, నెమ్మదిగా చూడాలి అనుకున్నాను.

‘మాయాబజార్’తో మొదలుపెట్టాం. రాక్షసుడే అయినా ఘటోత్కచుడంటే ఏ పిల్లలకైనా ముద్దొస్తాడు. ముందురోజు అన్నం తినిపిస్తూ కథంతా చివరిదాకా చెప్పేశాను. మనకి ముందే తెలిస్తే మజా పోతుంది. పిల్లలకి మాత్రం చివర్లో ఏమవుతుందో తెలియడమే ధైర్యం. రాత్రిపూట కాకుండా మధ్యాహ్నం, కిటికీలు తెరిచి పెట్టి చూశాం. రిమోట్ బుజ్జి చేతికే ఇచ్చాను. ఆపమంటే ఆపాలి, ఎవరూ నవ్వకూడదు అని వాళ్ళ నాన్నకి కూడా ముందే చెప్పాను. ఆ రోజు పదకొండుసార్లు ఆపింది. పెళ్ళి వంటలన్నీ ఖాళీ చేసే దగ్గర మాత్రం మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించుకుంది.

మూడు వారాల తర్వాత ‘పాతాళ భైరవి’. నేపాళ మాంత్రికుణ్ణి చూడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సరిగ్గా చూడు, ఈయన ఎవరు?" అన్నాను. కాసేపు చూసి "అమ్మా, ఘటోత్కచుడే! గడ్డం పెట్టుకున్నాడు!" అని అరిచింది. నిజమే కదా, రెండింటిలోనూ ఎస్వీ రంగారావుగారే. నటించేవాళ్ళు మనలాంటి మనుషులేనని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఆ గడ్డం చూసి ఎక్కింది. తోటరాముణ్ణి బలి ఇవ్వబోయేచోట తనే సౌండ్ తీసేసింది. భయం సగం చెవుల్లోనే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇది 1951లో తీసిన సినిమా అనీ, అప్పటికి సినిమాలకి కంప్యూటర్లు లేవనీ, మార్కస్ బార్ట్‌లీ అనే ఆయన కెమెరాతోనే ఈ మాయలు చేశారనీ చెప్పాను. సాయంత్రం అత్తగారికి కాటుకతో మీసాలు పెట్టి, గడ్డం కింద టార్చి వేసి అందరం మాంత్రికులమయ్యాం.

అంతా బాగానే జరుగుతోందని నాకు కొంచెం పొగరెక్కింది. నవ్వులుంటాయి కదా అని ఒక రాత్రి ‘చంద్రముఖి’ పెట్టాను. కాసేపటికి "ఆపు" అంది. "ఒక్క నిమిషం, ఇప్పుడు వడివేలు వస్తాడు" అన్నాను. బుజ్జి ఇంకేం అనలేదు. రిమోట్ పక్కన పెట్టేసి కళ్ళు మూసుకుని కూర్చుంది. నా గుండె జారిపోయింది. అది అచ్చం పెరటి వాకిట్లో నేనే. వెంటనే టీవీ కట్టేసి "తప్పు నాది బంగారం, నువ్వు ఆపమన్నప్పుడు ఆపాల్సింది" అన్నాను. ఆ తర్వాత నెల రోజులు ఏ సినిమా జోలికీ పోలేదు.

2024 నుంచి సెన్సార్ వాళ్ళు యూఏ సినిమాలని 7+, 13+, 16+ అని విడదీసి ఇస్తున్నారు. నేనూ ఇప్పుడు అది చూసే పెడుతున్నాను. కానీ ఆ అంకె చూసి ఊరుకోను. పక్కన కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకుంటాను. ఎప్పుడు ఆపాలో ఆ చెయ్యే చెబుతుంది.

దసరా సెలవుల్లో బుజ్జి మళ్ళీ మేనత్త ఇంటికి వెళ్ళింది. రెండో రోజు ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, పిల్లలు ఏదో దెయ్యం సినిమా పెట్టారు. మీ బుజ్జి లేచి, నాకు భయంగా ఉంది, లైటు వెయ్యండి, ఇది ఆపండి అంది. మా చిన్నాడు కూడా, నాక్కూడా భయంగానే ఉంది అన్నాడు" అంది.

బాత్‌రూమ్ బయట ఇప్పటికీ కొన్ని రాత్రులు నిలబడుతూనే ఉన్నాను. కాకపోతే "అమ్మా, భయమేస్తోంది, రా" అని నన్ను లేపి మరీ తీసుకెళ్తుంది.

ఆ ఫోన్ పెట్టేశాక మా అమ్మకి ఫోన్ చేసి, ‘అమ్మోరు’ సంగతీ, పక్క తడిపిన రాత్రుల సంగతీ మొదటిసారి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్కసారి లేపితే వచ్చేదాన్ని కదే" అంది.