కాగని డప్పు

మా ఇల్లందును ముసలోళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటరు. భద్రాచలం రామున్ని చూడబోయే యాత్రికులు ఇక్కడ మూడు నల్లరాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తే, కట్టెలతోపాటు రాళ్లు కూడా అంటుకున్నయట. కాయిదాల్లో మాత్రం 1871లో విలియం కింగ్ అనే జియాలజికల్ సర్వే దొర బొగ్గు కనుక్కున్నట్టు ఉంటది. కథ నిజమో కాదో గాని, అంటుకోకముందు కూడా అది అదే రాయి. మారింది చూసేటోళ్ల కన్ను.

మా నాయిన ఆ రాయిని తట్టకెత్తిన మనిషి. బదిలీ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టకముందూ పట్టినంకా ఊర్లె డప్పు కొట్టేటోడు. బొగ్గుబాయిలో సర్దారు కర్రతో పైకప్పును కొట్టి చూస్తడు. గట్టి కప్పయితే ఖణేలుమంటది. పొర విడిస్తే బోలు చప్పుడొస్తది. కొత్తగా దిగినోళ్లకు రెండూ రాయి చప్పుళ్లే. మా నాయినకు మాత్రం ఎవరూ నేర్పే పని పడలేదు. "అది కాగని డప్పురా" అనేటోడు. డప్పును మంటకు కాపితే తోలు బిగుసుకొని ఖంగున మోగుతది. ముసురు రోజున మెత్తబడి బొదబొద అంటది. ఆ బొదబొద నెత్తి మీద వినబడితే తట్ట వదిలేసి వెనక్కి వచ్చేటోడు. మొదట్ల తోటోళ్లు నవ్విండ్రట. కొన్నాళ్లకు ఆయన జరిగితే వాళ్లూ జరుగుడు మొదలువెట్టిండ్రు.

మనుషులు లోకాన్ని ఉన్నదున్నట్టు అందుకోరని, ఒంటికి అలవాటైనదాన్ని బట్టి అర్థం కట్టుకుంటరని చెప్పే చదువు ఒకటుందని నాకు ఉద్యోగంలో చేరినంకనే తెలిసింది. కాగ్నిటివ్ సెమియోటిక్స్ అంటరు. ఆ చదువు తరచుగా తలుచుకునే జీవశాస్త్రవేత్త యాకోబ్ ఫాన్ యుక్స్‌క్యుల్. 1934లో ఆయన పిడుదు గురించి రాసిండు. పిడుదుకు ఇంత పెద్ద అడవిలో తెలిసేవి మూడే సంగతులు: చెమట వాసన, ఒంటి తాకుడు, వెచ్చదనం. మిగతా అడవి దానికి లేనట్టే. మా ఊర్లె కులం అడగకుండ ఒంటి మీదికి ఎక్కేది పిడుదొక్కటే అని చదువుతూ నవ్వుకున్న.

అయితే పిడుదు తన అర్థాన్ని ఇంకో పిడుదు మీద రుద్దదు. ఊరు రుద్దుతది. డప్పు మోగితే ఊరికి వినబడేది రెండే: పీనుగ, లేకుంటే చాటింపు. మా వాడకట్టులో చావు దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు. పొయ్యికాడ కూసున్న మా అమ్మ నాలుగు దెబ్బలు వినంగనే ఏ దెబ్బో చెప్పేది. బడిల ఊరి అర్థమే సరైన జవాబు. ఆరో తరగతిల నేను బల్ల మీద వేళ్లతో దరువేస్తుంటే, "డప్పు కొట్టుకునేటోనికి చదువెందుకురా" అన్నడు ఒక సారు. అందరూ నవ్విండ్రు. అప్పటి నుంచి చేతులు ఒళ్లో పెట్టుకొని కూసునుడు నేర్చుకున్న.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు నేను పలక పట్టిన వయసోన్ని. పెద్దయినంక సభల్లో జనం అదే డప్పును భుజానికేసుకొని తలెత్తుకొని నడుస్తుంటే చూసిన. అదే తోలు, అదే చప్పుడు. ఒళ్లు జలదరించింది గాని, నా చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నయి.

పోయిన వానాకాలం మూడో తరగతికి తెలుగు చెబుతున్న. వెనక గోడకు ఆనుకొన్న పిల్లగాడొకడు వేళ్ల కణుపులతో గోడను టక్కుటక్కున కొడుతున్నడు. రెండుసార్లు కండ్లతోనే కసిరిన. మూడోసారి నా నోట్లోంచి వచ్చింది: "ఏందిరా, బడికి డప్పు కొట్టటానికొచ్చినవా?"

అందరూ నవ్విండ్రు. ఆ నవ్వు నాకు ఎరికే. పిల్లగాడు చేతులు ఒళ్లో పెట్టుకున్నడు.

సాయంత్రం పిల్లలు పోయినంక ఇంటికి పోబుద్ధి కాలేదు. పోయి వాడు కూసున్న జాగల కూసొని గోడను కొట్టిన. కింద గట్టిగనే ఉంది. తల ఎత్తున బొదబొద. మా నాయిన పోయి నాలుగేండ్లాయె, ఆయన మాట చెవిల పడ్డట్టే అయింది. ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసి ఊరికే నిలబడి ఉంది. దాని కింద రోజూ నలుగురు పిల్లలు కూసుంటరు. ఐదేండ్లుగా ఆ గోడను చూస్తున్న, నాకు కనబడ్డది నేను అంటించిన చార్టులే.

తెల్లారి వాణ్ని అడిగిన. "మా నాయిన తాపీ పని సార్. వదిలితే ఇట్లనే అంటది" అన్నడు. నిన్న నేనన్నది తప్పని అందరి ముందర చెప్పిన. వాడు తల ఎత్తలేదు. సారు తప్పొప్పుకుంటే ఏం చెయ్యాల్నో వానికి తెలవదు. నాకూ ఎవరూ చూపియ్యలేదు.

పిల్లల్ని వరండాలోకి మార్చి ఆఫీసుకు దరఖాస్తు పెట్టిన. ఫొటో పంపమన్నరు. పంపిన. ఫొటోలో గోడ మంచిగనే ఉంది.

పిల్లగానికి సుద్దముక్క ఇచ్చి మిగతా గోడలు కూడా చూడమన్న. చెవి ఆనిచ్చి కొట్టుకుంట, బోలుగున్న కాడల్లా సున్న గీసుకుంట పోయిండు. అందని జాగకు నేను ఎత్తుకున్న. మొత్తం పదకొండు సున్నలు తేలినయి. మళ్లీ ఫొటో తీసి పంపిన.